చెరువు గట్టు మీద డబ్బా: ఏరియేటర్ కంట్రోలర్‌కి ప్రోగ్రామ్ రాయడం, రాసింది కాపాడుకోవడం

మా బాబాయ్‌కి భీమవరం దగ్గర కాళ్ళ మండలంలో నాలుగు వనామి రొయ్యల చెరువులున్నాయి. ఆరేళ్ళుగా వాటి ఏరియేటర్లని, అంటే నీళ్ళలో గాలి కలిపే ఫ్యాన్లని, ఆన్, ఆఫ్ చేసే కంట్రోలర్లకి ప్రోగ్రామ్ రాసేదీ, పాడైతే గట్టు మీద కూర్చుని విప్పేదీ నేనే. అంతకుముందు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో వెబ్‌సైట్లకి కోడ్ రాసేదాన్ని. అక్కడ తప్పు జరిగితే పేజీ తెరుచుకోదు, మళ్ళీ నొక్కుతారు. ఇక్కడ తప్పు జరిగితే తెల్లారేసరికి రొయ్యలు ఒడ్డు వెంబడి తేలి ఉంటాయి.

ప్రోగ్రామ్‌తో మోటార్లు, పంపులు, లిఫ్టులు, వాల్వులు నడిపే ఇలాంటి వాటన్నిటినీ కలిపి సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ అంటారు. గట్టు మీద అందరూ దాన్ని డబ్బా అంటారు, నేనూ అలాగే అంటాను. ఆ డబ్బాకి కోడ్ ఎలా రాయాలో, రాశాక పంట మీద పంట ఎలా కాపాడుకోవాలో నాకు తెలిసింది చెబుతున్నాను. మీది చెరువు కాకుండా బోరు మోటారో, కోళ్ళ ఫారం ఫ్యానో అయినా ఇందులో ముప్పాతిక వంతు పనికొస్తుంది.

డబ్బా చచ్చిపోతే ఏం జరగాలి?

కోడ్‌లో మొదటి లైను రాయకముందే ఈ ప్రశ్నకి జవాబు కాగితం మీద రాసుకోండి.

మా విషయంలో జవాబు ఇలా వచ్చింది. పగలు ఎండకి నీళ్ళలోని ప్లాంక్టన్ (కంటికి కనపడనంత సన్నటి నాచు లాంటిది) ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ప్లాంక్టన్ ఆక్సిజన్ వాడుకుంటుంది. రొయ్యలు, అడుగున బురద, మిగిలిపోయిన మేత కూడా లాగుతూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున 3 నుంచి 6 మధ్య డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాములకి పైన ఉంచాలని చూస్తాం. ఏరియేటర్లు అనవసరంగా తిరిగితే కరెంటు బిల్లు పెరుగుతుంది. అవసరమైనప్పుడు తిరగకపోతే ఒక్క రాత్రిలో మొత్తం పంట పోతుంది. కాబట్టి డబ్బా చచ్చిపోతే ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి.

ఈ మాటని కోడ్‌లో రాయలేం, ఎందుకంటే చచ్చిన డబ్బాలో కోడ్ నడవదు. వైరింగ్‌లోనే రాయాలి. మా రిలేలో, అంటే డబ్బా నడిపే చిన్న స్విచ్‌లో, నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్ట్ (రిలేకి కరెంటు లేనప్పుడు కలిసి ఉండేది) గుండా మోటారు స్టార్టర్ కాయిల్‌కి సప్లై పోతుంది. రిలేకి కరెంటు ఇస్తేనే ఏరియేటర్ ఆగుతుంది. అంటే ఆపడానికే కష్టపడాలి తప్ప నడపడానికి డబ్బా ఏమీ చెయ్యనక్కర్లేదు. దీంతో ఇంకో లాభం ఉంది. ఈఎస్‌పీ32 లాంటి చిప్పులు బూట్ అయ్యేటప్పుడు పిన్నులు ఒక క్షణం ఎటూ కాకుండా తేలుతూ ఉంటాయి. ఆ క్షణంలో రిలే టకటకలాడకుండా పిన్నుకి 10 కిలో ఓమ్‌ల పుల్‌డౌన్ రెసిస్టర్ (పిన్నుని సున్నా వోల్టుల దగ్గర పట్టి ఉంచేది) పెట్టండి. అప్పుడు బూట్ సమయంలో కూడా మనం ఎంచుకున్న సురక్షిత స్థితిలోనే ఉంటుంది.

మీ పనికి జవాబు తలకిందులుగా ఉండొచ్చు. బోరు మోటారైతే నీళ్ళు లేకుండా తిరిగితే కాలిపోతుంది, అక్కడ చచ్చిపోతే ఆగాలి. ఎటు అన్నది మీరు తేల్చుకోండి, తేల్చుకోకుండా మాత్రం మొదలుపెట్టకండి.

కోడ్‌కి ఎప్పుడూ అప్పగించకూడనివి కొన్ని ఉన్నాయి. మోటారు మీద బరువు ఎక్కువైతే ఆపే ఓవర్‌లోడ్ రిలే, ఫేజు ఒకటి పోతే ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ వైరింగ్‌లోనే ఉండాలి, ప్రోగ్రామ్ వాటి జోలికి పోకూడదు. ఆటో, ఆఫ్, మాన్యువల్ అని మూడు స్థానాల సెలెక్టర్ స్విచ్ తప్పనిసరి. మాన్యువల్‌లో పెడితే డబ్బాని పూర్తిగా దాటేసి స్టార్టర్‌కి సప్లై వెళ్ళాలి. అర్ధరాత్రి కాపలా ఉండే మనిషికి మీ మెనూలు తెలియనక్కర్లేదు, ఆ పిడి తిప్పడం తెలిస్తే చాలు.

ఇక మనుషుల సంగతి. దానంతట అదే తిరగడం మొదలుపెట్టే ఏరియేటర్ దగ్గర నాచు పీకుతూ ఎవరో నిలబడి ఉండొచ్చు. ప్రతి ఏరియేటర్‌కీ విడిగా ఐసోలేటర్ (సప్లై పూర్తిగా తెంపే స్విచ్), దానికి తాళం వేసే ఏర్పాటు పెట్టండి. తాళంచెవి నీళ్ళలో దిగిన మనిషి జేబులోనే ఉండాలి. డబ్బా ఏదైనా మోటారుని స్టార్ట్ చేసే ముందు మేము 10 సెకన్లు హారన్ మోగిస్తాం. ఇది హెచ్చరిక మాత్రమే. డబ్బా చచ్చినప్పుడు హారన్ కూడా మోగదు కదా, ప్రాణం కాపాడేది తాళమే. 415 వోల్టుల పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మా ఎలక్ట్రీషియన్ బావ నన్ను ఇప్పటికీ ప్యానెల్‌లో టెస్టర్ కూడా పెట్టనివ్వడు, ఆయన చేసేది కరెక్టే.

కరెంటు పోయి వచ్చినప్పుడు అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తే జనరేటర్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. నేరుగా స్టార్ట్ చేసే మోటారు మొదట్లో మామూలు కంటే 6, 7 రెట్లు కరెంటు లాగుతుంది. అందుకని స్టార్టర్లలో చిన్న ఆన్ డిలే టైమర్లు పెట్టి 5 సెకన్ల తేడాతో లేచేలా చేశాం. ఇది కూడా కోడ్‌లో లేదు.

“నీ డబ్బా ఆన్ అంటోంది, ఫ్యాన్లు తిరగట్లేదు”

మొదటి పంటలో ఒక రాత్రి రెండున్నరకి బాబాయ్ ఫోన్ చేసి అన్న మాట ఇది. లాప్‌టాప్‌లో చూస్తే నిజంగానే 6 ఏరియేటర్లూ ఆన్‌లో ఉన్నట్టే కనపడుతోంది. నేను తెర మీద చూపించింది మోటారు స్థితి కాదు, నేను మోటారుకి ఇచ్చిన ఆజ్ఞ. ఆ రెండూ ఒకటే అనుకున్నాను. వెబ్‌సైట్ల అలవాటు. ఫేజు ఒకటి పోయి ప్రివెంటర్ తన పని తాను చేసింది, మోటార్లని ఆపేసింది. డబ్బాకి మాత్రం ఆ సంగతి చెప్పిన వాళ్ళు లేరు. బాబాయ్ బ్యాటరీ లైటు పట్టుకుని చూడబట్టి సరిపోయింది, జనరేటర్ వేశారు.

అందుకే ఇప్పుడు ప్రతి మోటారు వైరుకీ ఒక కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ తొడిగాం. ఇది వైరు చుట్టూ పట్టే చిన్న రింగు, ఎంత కరెంటు పోతోందో చెబుతుంది. మా 2 హెచ్‌పీ మోటార్లు బరువు మీద 3 నుంచి 3.5 ఆంపియర్లు లాగుతాయి. కోడ్‌లో ఆజ్ఞ ఒక చోట, వాస్తవం ఒక చోట, విడివిడి వేరియబుల్స్‌లో పెట్టుకోండి. తెర మీద వాస్తవమే చూపించండి. ఆన్ అని చెప్పాక 30 సెకన్లకి కూడా కరెంటు కనపడకపోతే అది అలారం.

రింగు పెట్టాక అనుకోని లాభాలు కొన్ని తెలిశాయి. కరెంటు సున్నా కాకుండా, ఉండాల్సిన దానికంటే బాగా తగ్గితే మోటారు తిరుగుతోంది కానీ ఫ్యాను తిరగట్లేదని అర్థం. గేర్‌బాక్సు పోయి ఉంటుంది, లేదా షాఫ్టు విరిగి ఉంటుంది. పెరిగితే తాడో, నాచో చుట్టుకుంది. బిగించిన రోజునే ప్రతి మోటారుదీ మామూలు రీడింగు రాసి పెట్టుకోకపోతే ఇవేవీ తెలియవు. అన్ని మోటార్లకీ ఒకటే హద్దు పెట్టాలని నేనూ మొదట చూశాను, వారం రోజులు దొంగ అలారాలతో నిద్ర పోయింది.

సెన్సర్ మాట ఎంత వరకు వినాలి

డీవో ప్రోబు అబద్ధం చెప్పేటప్పుడు నిజం చెప్పేటప్పటి కంటే నిలకడగా చెబుతుంది. చివర పాకుడు పట్టిందంటే అంకె మెత్తగా, ఒడిదుడుకులు లేకుండా వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అందుకని నేను మూడు రకాలుగా నిలదీస్తాను.

అసలు సాధ్యమైన అంకేనా అన్నది మొదటిది. ఉష్ణోగ్రతకి మేము వాడే డీఎస్18బీ20 సెన్సర్ కరెంటు అందగానే, కొలవకముందే అడిగితే 85 డిగ్రీలు అంటుంది. అది దాని మొదటి విలువ. వైరు తెగితే మామూలుగా వాడే లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది. ఈ రెండు అంకెలూ కోడ్‌లో సగటులోకి దూరాయంటే లెక్కంతా గోవిందా. సగటు తీసే ముందే వడకట్టండి. చెరువు నీళ్ళు 15కి తక్కువ, 40కి ఎక్కువ ఉండవు, ఆ హద్దులు దాటినవి తీసెయ్యండి.

రెండోది వేగం. చెరువంత నీటిలో డీవో ఒక్క నిమిషంలో 6 నుంచి 1కి పడిపోదు. పడిందంటే వైరు ఎవరో తొక్కి ఉంటారు.

మూడోది నాకు బాగా ఇష్టమైంది. డీవో మధ్యాహ్నం పెరగాలి, తెల్లవారుజామున తగ్గాలి. 24 గంటల్లో ఆ ఎత్తుపల్లాలు కనపడకపోతే అంకె ఎంత బాగున్నా ప్రోబుని నమ్మను. ఈ ఒక్క పరీక్ష నాకు పాకుడు పట్టిన ప్రోబుల్ని దొరికించినంతగా ఇంకేదీ దొరికించలేదు.

నమ్మకం పోయినప్పుడు ఏం చెయ్యాలో కూడా ముందే రాసి ఉండాలి. మా డబ్బా టైమర్ పద్ధతికి మారిపోతుంది: రాత్రి 9 నుంచి ఉదయం 8 దాకా అన్నీ ఆన్, పగలు సగం ఆన్. దీనికి గడియారం కావాలి. గడియారం బ్యాటరీ అయిపోతే తేదీ ఎక్కడో వెనక్కి పోతుంది. ఆ ప్రోగ్రామ్ తయారైన తేదీ కంటే వెనకటి తేదీ కనపడితే టైమ్ తెలియనట్టు లెక్క. టైమ్ తెలియకపోతే రాత్రి కిందే లెక్క.

ప్రోబు శుభ్రం చేయడం వారానికి ఒకసారి, వేసవిలో రెండుసార్లు. గాలిలో పెట్టి క్యాలిబ్రేట్ చేసేటప్పుడు ఉప్పు శాతం సరిగ్గా ఇవ్వండి. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు గాలి నుంచి పట్టుకోగలిగేది లీటరుకి సుమారు 7.5 మిల్లీగ్రాములు, ఉప్పు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. మంచినీటి లెక్కతో వదిలేస్తే ఉప్పు నీళ్ళలో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మనకి ముప్పు వచ్చేది ఎక్కువ చూపించినప్పుడే.

నిర్ణయం ఒక చోట, పిన్నులు ఇంకో చోట

కోడ్ అమరికలో నేను పట్టుబట్టేది ఒక్కటే. ఏ మోటారు తిరగాలి అని నిర్ణయించే ఫంక్షన్ ఏ పిన్నునీ ముట్టుకోకూడదు, ఏ సెన్సర్‌నీ చదవకూడదు, టైమ్ కూడా తనంతట తాను అడగకూడదు. రీడింగులు, టైమ్, పాత స్థితి దానికి అందించాలి, అది కొత్త ఆజ్ఞలు తిరిగి ఇవ్వాలి. అంతే. అప్పుడు అదే ఫంక్షన్‌ని లాప్‌టాప్‌లో, ఇంట్లో కూర్చుని, కాఫీ తాగుతూ నడపొచ్చు.

నేను పైథాన్‌లో 40 లైన్ల ఉత్తుత్తి చెరువు ఒకటి రాసుకున్నాను. ఎండ ఉంటే డీవో పెరుగుతుంది, రాత్రి తగ్గుతుంది, ఏరియేటర్ తిరిగితే కొంత కలుస్తుంది. శాస్త్రవేత్తలు చూస్తే నవ్వుతారు కానీ నాకు కావలసింది జరుగుతుంది: వంద రోజుల పంట కొన్ని సెకన్లలో నడుస్తుంది. మధ్యలో కావాలని ప్రోబు పీకేస్తాను, కరెంటు తీసేస్తాను, గడియారం చెడగొడతాను. వీటితో పాటు అసలు చెరువులో చెడ్డ రాత్రుల లాగ్‌లన్నీ దాచాను. ప్రతి కొత్త వెర్షన్‌నీ ఆ రాత్రుల మీద మళ్ళీ నడిపిస్తాను.

ఆన్ చేసే అంకె, ఆఫ్ చేసే అంకె వేరుగా ఉండాలి. మాది 4.5కి ఆన్, 5.5కి ఆఫ్. రెండూ ఒకటే పెడితే కాంటాక్టర్ (మోటారుకి సప్లై కలిపే స్విచ్) చప్పట్లు కొడుతూనే ఉంటుంది, నెలకల్లా పాయింట్లు కాలిపోతాయి. దానితో పాటు ఆన్ అయితే కనీసం 15 నిమిషాలు తిరగాలి, ఆగితే కనీసం 3 నిమిషాలు ఆగాలి.

వాచ్‌డాగ్ గురించి ఒక మాట. డబ్బా బిగుసుకుపోతే దాన్ని రీసెట్ చేసే గడియారం అది. దానికి “బతికే ఉన్నా” అని చెప్పే లైను నిర్ణయం తీసుకోవడం పూర్తయిన చోటే ఉండాలి. టైమర్ ఇంటరప్ట్‌లో, అంటే మిగతా కోడ్ ఆగినా టైమ్ ప్రకారం నడిచే ముక్కలో, పెడితే మెదడు ఆగినా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, వాచ్‌డాగ్ ఉండీ లేనట్టే. ప్రతి రీసెట్‌కీ కారణం లాగ్‌లో రాయించండి. వోల్టేజీ పడిపోయి రీసెట్ అయిందా, వాచ్‌డాగ్ చేసిందా అన్నది తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. మా డబ్బా మెసేజ్ పంపినప్పుడల్లా రీసెట్ అయ్యేది. పాత 2జీ మాడ్యూల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. నేను పెట్టిన పవర్ సప్లైకి అంత ఓపిక లేదు. కోడ్‌లో రెండు వారాలు వెతికాను.

లాగ్‌ని ఫ్లాష్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) రాస్తారు కదా, ఒకే చోట సెకనుకోసారి రాయకండి. మామూలు ఫ్లాష్ ఒక్కో సెక్టారు లక్ష సార్లు చెరిపి రాయడానికి తట్టుకుంటుందని చెబుతారు. సెకనుకోసారి అదే సెక్టారు చెరిపితే ఆ లక్ష 28 గంటల్లో అయిపోతుంది. మార్పు వచ్చినప్పుడే రాయండి, చోటు మార్చుకుంటూ రాయండి.

50వ రోజు

ఇది నా తప్పే, నలుగురికీ చెప్పుకోవాల్సిన తప్పు. బూట్ అయినప్పటి నుంచి మిల్లీ సెకన్లు లెక్కపెట్టే కౌంటర్ 32 బిట్లది. 49.7 రోజులకి అది నిండిపోయి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. నేను విశ్రాంతి లెక్క ఇలా రాశాను: “ఆపిన సమయానికి 3 నిమిషాలు కలిపితే వచ్చేది ఇప్పటి సమయం కంటే తక్కువైతే మళ్ళీ ఆన్ చెయ్యొచ్చు.” చదివితే తప్పేమీ కనపడదు.

ఆ రోజు ఉదయం 11కి డబ్బా ఏరియేటర్లు ఆపింది. మధ్యాహ్నం కౌంటర్ తిరగబడింది. రాత్రి డీవో తగ్గింది, డబ్బా ఆన్ చేద్దామని చూసింది. ఆపిన సమయం ఏమో కొండంత అంకె, ఇప్పటి సమయం ఏమో చిన్న అంకె. “ఇంకా విశ్రాంతి పూర్తి కాలేదు” అనుకుంది. అలా వదిలేస్తే మరో 49 రోజులు అదే అనుకునేది. డబ్బా చావలేదు కాబట్టి నా నార్మల్లీ క్లోజ్డ్ వైరింగ్ కూడా కాపాడలేదు. బతికున్న డబ్బా పూర్తి నమ్మకంతో తప్పు చేస్తోంది. కాపలా అతను సెలెక్టర్ మాన్యువల్‌కి తిప్పాడు.

సరిదిద్దింది ఒక్క లైను. కూడటం కాదు, తీసివేయాలి: ఇప్పటి సమయంలోంచి ఆపిన సమయం తీసేస్తే వచ్చేది 3 నిమిషాలకి తక్కువ కాకపోతే చాలు. ప్లస్, మైనస్ గుర్తు లేని (అన్‌సైన్డ్) పూర్ణాంకాల్లో ఈ తీసివేత కౌంటర్ తిరగబడినా సరిగ్గానే వస్తుంది. దీన్ని పరీక్షించడానికి 50 రోజులు ఆగక్కర్లేదు. టైమ్ ఎలాగూ ఫంక్షన్‌కి బయట నుంచే ఇస్తున్నాం కాబట్టి, కౌంటర్ నిండడానికి 2 నిమిషాల ముందు నుంచి మొదలుపెట్టి నడపండి. నా పరీక్షలన్నీ ఇప్పుడు అక్కడి నుంచే మొదలవుతాయి.

తర్వాత తెలిసింది, ఈ గుంటలో పడ్డది నేనొక్కదాన్నే కాదని. బోయింగ్ 787 విమానాల్లో జనరేటర్ కంట్రోల్ యూనిట్లు 248 రోజులు ఆపకుండా నడిస్తే లోపల ఒక కౌంటర్ నిండిపోయి, విమానంలో ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటు మొత్తం పోయే ప్రమాదం ఉందని 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశం ఇచ్చింది. అప్పటికి చెప్పిన ఉపాయం, అంతకుముందే ఒకసారి కరెంటు తీసి వెయ్యమని. బాబాయ్‌కి చెబితే, “మనమూ నెలకోసారి ఆపి వేసేద్దాం అయితే” అన్నాడు. కోడ్ సరిచేశాక కూడా ఆ అలవాటు మానలేదు.

ఫోన్ మోగడం, మోగకపోవడం

మొదటి వెర్షన్ ఒక రాత్రి 60కి పైగా మెసేజ్‌లు పంపింది. బాబాయ్ ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాడు. తప్పు ఆయనది కాదు. ఇప్పుడు రెండింటికే కాల్ వస్తుంది: డీవో 3.5కి తగ్గితే, ఆన్ అన్న మోటారు తిరగకపోతే. ఎత్తకపోతే రెండో నంబరుకి, అక్కడా ఎత్తకపోతే నాకు. మిగతావన్నీ ఉదయం 7కి ఒకే మెసేజ్‌లో వస్తాయి.

సాయంత్రం 6కి “అంతా బాగుంది” అని ఒక మెసేజ్ కూడా వస్తుంది. అది రాకపోవడమే అలారం. సిమ్ రీఛార్జ్ గడువు అయిపోయిన సంగతి మాకు రెండుసార్లు తెలిసింది అలాగే. సిమ్ కొనేటప్పుడు చూసుకోండి, జియోకి 2జీ లేదు, 2జీ మాడ్యూల్‌లో అది పనిచెయ్యదు.

ఫోన్ నుంచి ఆన్ ఎప్పుడైనా చెయ్యొచ్చు. ఆఫ్ చేస్తే 30 నిమిషాలకి మళ్ళీ ఆటోలోకి వచ్చేస్తుంది. మెసేజ్ పంపిన నంబరు చూసి నమ్మడం గట్టి తాళమేమీ కాదు, నంబరుని నకిలీ చెయ్యొచ్చు. కాబట్టి దొంగ మెసేజ్ వచ్చినా జరిగే నష్టానికి ఒక హద్దు ఉండాలి.

కొత్త వెర్షన్ ఎప్పుడు వెయ్యాలి

ఉదయం 10, 12 మధ్య. ఎండ ఉండాలి, కరెంటు ఉండాలి, నేను గట్టు మీద ఉండాలి. ముందు ఒకే చెరువులో వేసి వారం చూస్తాను. అమావాస్య, పౌర్ణమి దగ్గర వెయ్యను. అప్పుడు రొయ్యలు గుల్ల విడుస్తాయన్నది రైతుల లెక్క, ఆ రాత్రుల్లో ఆక్సిజన్ విషయంలో ఎవరూ ప్రయోగాలు ఒప్పుకోరు. పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టే రోజుకి, రెండు వారాల ముందు నుంచి అసలే ముట్టుకోను. అప్పుడు చెరువులో ఉన్న సరుకు విలువ, ఆక్సిజన్ అవసరం రెండూ ఎక్కువే.

ఫ్లాష్‌లో పాత ప్రోగ్రామ్, కొత్త ప్రోగ్రామ్ రెండిటికీ చోటు ఉంచండి. కొత్తది బూట్ అయ్యి, సెన్సర్లు చదివి, ఒక మోటారుని తిప్పి కరెంటు చూసుకున్నాకే తనని తాను ఖాయం చేసుకోవాలి. లేకపోతే తర్వాతి రీసెట్‌లో పాతదే లేవాలి. చెరువు నంబరు, మోటార్ల సంఖ్య, హద్దులు కోడ్‌లో కాకుండా విడిగా సెట్టింగుల్లో ఉండాలి. నాలుగు చెరువులకి నాలుగు రకాల కోడ్ చేసుకుంటే రెండో పంటకల్లా ఏది ఎక్కడుందో మీకే తెలియదు.

వాడిన కంపైలర్, లైబ్రరీలు ఏ వెర్షన్‌వో రాసి, వాటి కాపీలు కూడా దాచండి. మూడేళ్ళ తర్వాత ఒక చిన్న మార్పు కోసం పాత కోడ్ తెరిస్తే లైబ్రరీ మారిపోయి కంపైల్ కాలేదు నాకు. పాత లాప్‌టాప్ అటక మీద ఉండబట్టి బయటపడ్డాను.

ప్యానెల్ తలుపు లోపల ఒక లామినేట్ చేసిన కాగితం అంటించాం. ప్రోగ్రామ్ వెర్షన్, వేసిన తేదీ, ప్రతి మోటారు మామూలు ఆంపియర్లు, ప్రోబు శుభ్రం చేసిన తేదీలు. తేదీలు పెన్నుతో రాస్తారు. ఎలక్ట్రీషియన్ బావ వైరు మార్చినా అక్కడ రాయాల్సిందే. క్లౌడ్‌లో రాసిపెట్టినవన్నీ రాత్రిపూట గట్టు మీద నిలబడ్డ మనిషికి కనపడవు.

నెలకోసారి ప్యానెల్ తెరిచినప్పుడు చీమలు, బల్లులు చూడండి. నవ్వొస్తుంది కానీ, కాంటాక్టర్ పాయింట్ల మధ్య చీమలు నలిగి కాంటాక్ట్ అందకపోవడం మాకు ఏటా జరిగేదే. వైర్లు పెట్టె కిందవైపు నుంచే, గ్లాండ్లు (వైరు చుట్టూ సందు మూసే బిరడాలు) బిగించి తీసుకెళ్ళండి. ఉప్పు గాలికి బోర్డు మీద పచ్చగా చిలుము పడుతుంది, పూత వేయించిన బోర్డులైతే కాస్త ఎక్కువ కాలం ఆగుతాయి. అదే రోజు రిలే బోర్డు కనెక్టర్ ఊడదీసి, అన్ని ఏరియేటర్లూ 5 సెకన్ల తేడాతో ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నాయో లేదో నిలబడి చూడండి. ఊడదీసే ముందు నీళ్ళలో ఎవరూ లేరని చూసుకోండి.

మేతల షెడ్డులో, ఎలకలు పోలేని స్టీలు డబ్బాలో, ప్రోగ్రామ్ వేసి సిద్ధంగా ఉన్న కంట్రోలర్ ఒకటి, ప్రోబు ఒకటి, గడియారం బ్యాటరీ రెండు ఉంటాయి. కిందటి వానాకాలం పిడుగు పడి మూడో చెరువు కంట్రోలర్ పోతే, నేను హైదరాబాద్‌లో పెళ్ళిలో ఉన్నాను. కాపలా అతను కనెక్టర్ల రంగులు చూసి బిగించి, ఫోటో పంపించాడు. ఎర్ర కనెక్టర్ ఒకటి తిరగేసి పెట్టాడు. ఫ్యాన్లు మాత్రం అప్పటికే తిరుగుతున్నాయి.